శనిగారి ముందు గొడుగు

పోయిన నెల భీమవరం కంటి ఆసుపత్రి వరండాలో నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడ్డాను. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళందర్నీ బల్లల మీద వరసగా కూర్చోబెట్టారు. అందరికీ ఒక కంటి మీద తెల్ల గాజుగుడ్డ, దాని మీద అడ్డంగా ప్లాస్టరు. నేనూ ఆ వరసలోదాన్నే. ఎదురుగా ఉన్న అద్దాల తలుపులో మా బారు మొత్తం కనపడింది. అంతే, పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు. పక్కనున్న పెద్దాయన "ఏవమ్మా, మత్తింకా దిగలేదా?" అన్నాడు. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయి, "కంటి మీద ఒత్తిడి పడుతుందమ్మా, ఊరుకో" అని మందలించింది. ఎలా ఊరుకోను! నాకు ఆ అద్దంలో కనపడింది సౌదీలో ఒక చెక్‌పోస్టు, అక్కడ ఆగిన నీలం బస్సు, బస్సు నిండా నల్ల అబాయాలు వేసుకుని ఎడమ కంటికి గాజుగుడ్డ అతికించుకున్న నర్సులు. అందరికీ దగ్గరుండి అతికించిన ఆ మహాతల్లి.

ఆమె పేరు రాయను. రాస్తే పైనుంచి దిగొచ్చి మరీ తిడుతుంది. ఖతీఫ్‌లో మేం పనిచేసిన ఆసుపత్రిలో మలయాళీ పిల్లలు ఆమెను చేచీ అనేవాళ్ళు, బస్సు డ్రైవరు ఖాన్ బాజీ అనేవాడు, మా తెలుగువాళ్ళకు అక్క. ఒంగోలు వైపు మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. ముందు చెప్పుల చప్పుడు వచ్చేది, తరవాత మనిషి వచ్చేది. ప్రసవాల వార్డుకు ఇన్‌ఛార్జి. ఏం చెప్పినా చివర "చూసొద్దాం పదవే, చూస్తే మన సొమ్మేం పోద్ది?" అని తగిలించేది. వార్డులో కవలలు పుట్టినా, మెస్సులోకి కొత్తరకం చేప వచ్చినా, బజారులో కదిలే మెట్లు పెట్టినా అదే మాట. చెయ్యి పట్టుకుని లాక్కుపోవడమే గానీ, వస్తావా అని అడగడం ఆమెకు తెలీదు.

ఇంకో సంగతి. ఆమెకు ఒక్క కన్ను మూయడం రాదు. ఒకటి మూస్తే రెండోదీ మూసుకుపోయేది. నోరు ఓ పక్కకి లాగి, బుగ్గ పైకెత్తి, ఎంత తంటాలు పడ్డా అంతే. అది చూసి మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అయితే నైట్ డ్యూటీలో ఒక్క కన్నుతో పని ఉంటుంది. మేం కూర్చునే బల్ల మీద లైటు, వార్డంతా చీకటి. ఆ వెలుతురులోంచి లేచి చీకట్లోకెళ్తే కాసేపు ఏమీ కనపడదు. లైటేస్తే అప్పుడే కన్నంటుకున్న బాలింతలు లేచిపోతారు. అందుకని పాత సిస్టర్లు బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఒక కన్ను మూసి ఉంచేవాళ్ళు. వార్డులోకెళ్ళగానే ఆ కన్ను తెరిస్తే మంచాలన్నీ చక్కగా కనపడతాయి. అక్కకు మూయడం రాదు కాబట్టి గాజుగుడ్డ మడిచి ప్లాస్టరుతో అతికించుకునేది. కొత్తగా చేరిన రోజు నేను ఆమెను అలా చూసి, పాపం కంటికేదో అయిందనుకుని జాలిపడ్డాను కూడా.

నేను చేరిన కొద్ది నెలలకే గల్ఫ్ యుద్ధం మొదలైంది. సైరన్లు, కిటికీలకు అడ్డంగా టేపులు, మంచం పక్కన గ్యాస్ మాస్కులు. అన్నిటినీ తట్టుకున్నాను. ఒక రాత్రి హాస్టలు నుంచి వార్డుకి దొడ్డి దాటుతుంటే పైన చుక్కలాంటిది ఒకటి కదిలింది. కదిలి, కిందికి దిగడం మొదలెట్టింది. ఇంకోటి నేల మీంచి లేచి దానికి ఎదురెళ్ళింది. పెద్ద వెలుగు, ఆ తరవాత చప్పుడు, ఆ తరవాత కాళ్ళ కింద నేల అదిరింది. ఎక్కడో దూరంగా పడింది. మాకేం కాలేదు. కానీ ఆ రాత్రి నుంచి నాకు ఆకాశం కింద నిలబడ్డం చేతకాలేదు. పగలు బాగానే ఉండేది. చీకటి పడి చుక్కలొస్తే చాలు, వాటిలో ఏది కదులుతుందో అని లోపలికి పరిగెత్తేదాన్ని.

మా అమ్మ నా పెట్టెలో ఒక నల్ల గొడుగు పెట్టి పంపింది. దాని అంచున ఎర్రదారంతో నా పేరు కుట్టింది. ఎడారికి గొడుగేమిటని మా ఇంట్లో అందరూ వెక్కిరించారు. ఆ గొడుగే నాకు దిక్కయింది. రాత్రి హాస్టలు గుమ్మంలో గొడుగు విప్పి, తల దాని లోపల పెట్టి, దొడ్డి దాటేదాన్ని. "స్కడ్ మిసైల్‌ని గొడుగుతో ఆపుతావా తల్లీ?" అని ఏడిపించేవాళ్ళు. ఆగదని నాకు మాత్రం తెలీదా! పైన ఏముందో కనపడకపోతే చాలు నాకు.

యుద్ధం అయిపోయాక కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ వచ్చింది. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకునేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద మసి. అందరూ పొగని తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే లోపల్లోపల సంతోషించాను, చుక్కలు కనపడవు గదా అని. ఆ ఏడాది చివరికి పొగ పోయింది. చుక్కలన్నీ తుడిచి పెట్టినట్టు మళ్ళీ వచ్చేశాయి. గొడుగు మళ్ళీ బయటికొచ్చింది.

అప్పుడే కొత్త మేట్రన్ కూడా వచ్చింది. నైట్ డ్యూటీ అంటే క్యాజువాలిటీ నుంచి ఎక్స్‌రేకి దొడ్డి మీదుగా పేషెంటుని ట్రాలీలో తోసుకుపోవాలి. ట్రాలీకి రెండు చేతులూ కావాలి. ఇక గొడుగెలా పట్టుకుంటాను? అప్పటిదాకా తోటివాళ్ళు సర్దుకుని నా బదులు తోసేవాళ్ళు. మేట్రన్ నన్ను పిలిచి, తిట్టకుండానే అంది: "నెలాఖరు దాకా చూస్తాను. గొడుగు లేకుండా ట్రాలీ తోస్తావా, ఎగ్జిట్ వేయించమంటావా, నువ్వే చెప్పు."

ఎగ్జిట్ అంటే ఇంటికి. మా ఊరి చర్చిలో నాకు వీడ్కోలు సభ పెట్టి, దండేసి, గోడగడియారం బహూకరించి మరీ పంపారు. ఆకాశమంటే భయమేసి వచ్చేశానని చెప్పి, ఆ గడియారం వంక ఎలా చూడను? అదొకటి. అసలుది, నాకు ఆ పనంటే ప్రాణం. అక్క గదికెళ్ళి ఏడ్చాను. ఆమె నా ఏడుపు పూర్తిగా విని, మొహం తుడిచి, "సర్లే గానీ, గురువారం శనిగ్రహాన్ని చూసొద్దాం పద" అంది.

నాకు తిక్కరేగింది. "నేను ఆకాశం చూళ్ళేక చస్తుంటే శనిగ్రహమేవిటక్కా?"

"చూస్తే మన సొమ్మేం పోద్దే?"

సంగతేమిటంటే, ఆమె వార్డులో పురుడు పోసుకున్న ఒక సూడాన్ ఆవిడ భర్త ఆ దగ్గర్లోని యూనివర్సిటీలో ప్రొఫెసరు. అక్కడ గుమ్మటం కింద పెద్ద టెలిస్కోపు ఉందని, అప్పుడప్పుడు కుటుంబాలకు, ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక సాయంత్రం పెట్టి చూపిస్తారని ఆవిడ చెప్పింది. ఇక అక్క కాలు నిలవలేదు. మాకు బయటికెళ్ళే దారి ఒక్కటే, గురువారం సాయంత్రం బజారుకు తీసుకెళ్ళే హాస్టలు బస్సు. ఆ బస్సుని దారి మళ్ళించాలంటే ఎక్కే వాళ్ళందరూ ఒప్పుకోవాలి. అక్క గదిగదికీ తిరిగింది. "బంగారం కొట్లో తళుకులకు డబ్బు కట్టాల. అక్కడ ఊరికే చూపిస్తారంట!" మలయాళీ పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు. తెలుగువాళ్ళే మొరాయించారు.

"శనిని చూడ్డానికి బస్సు కట్టించుకుని వెళ్తామా అక్కా? ఊళ్ళో అందరూ శని పట్టకూడదని పూజలు చేయించుకుంటారు" అంది నా గదిలో ఉండే అమ్మాయి. తను రోజూ బైబిలు చదువుతుంది, అయినా శని దగ్గరికొచ్చేసరికి మేమందరం ఒకటే.

"మనం ఆయన్ని చూడ్డానికి పోతన్నాం గానీ పట్టుకురావడానికి కాదు. ఆయనకేం పనిలేదా, మనెంటబడి హాస్టలుకు రావడానికి?" అంది అక్క. ఆ మాటకు అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు ఆమె చేతిలో పడిపోయినట్టే.

గురువారం బస్సెక్కగానే గాజుగుడ్డల డబ్బా తీసింది. చీకటికి అలవాటుపడ్డ కంటితో చూస్తే ఎక్కువ కనపడుతుందట. వార్డులో పనికొచ్చింది ఆకాశంలో పనికిరాదా అని ఆమె వాదన. సీటు సీటుకీ వచ్చి అందరి ఎడమ కంటికీ అతికించింది. టెలిస్కోపు దగ్గర దాన్ని పీకి కుడి కంటికి వేసుకోవాలి. నాకు వేస్తూ నా ఒళ్ళో గొడుగు చూసి, పక్క సీటుకి జరిగింది.

చెక్‌పోస్టు దగ్గర బస్సాగింది. పట్టుమని మీసాలు రాని సైనికుడు టార్చిలైటు లోపలికి వేశాడు. ఒక్కొక్క మొహం మీదా వెలుగు పడుతోంది. గాజుగుడ్డ, గాజుగుడ్డ, గాజుగుడ్డ. వాడి మొహం చూడాలి! రెండడుగులు వెనక్కేసి ఖాన్‌ని అడిగాడు, "ఏష్ హాదా?" ఇదేమిటని. ఏదో కంటి జబ్బు అంటుకుందనుకున్నాడో, ఏ బాంబు దెబ్బ తగిలిందనుకున్నాడో! ఖాన్‌కి అరబ్బీ అంతంతమాత్రం. "నుజూమ్, నుజూమ్" అని చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి పైకి చూపించాడు. చుక్కలు అని చెప్పడం వాడి ఉద్దేశం.

పైకి చెయ్యి చూపించగానే ఆ సైనికుడు చటుక్కున తల వంచి, భుజాలు ముడుచుకుని బస్సుకి అంటుకుపోయాడు. ఒక్క క్షణమే. మళ్ళీ వాడే తేరుకుని, పైన ఏమీ లేదని చూసి, సిగ్గుపడి నవ్వాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తుపాకీ ఉన్నవాడికీ నాలాగే ఉందన్నమాట! అక్క నా చెయ్యి నొక్కి, "చూశావా, ఆ పిల్లోడికి నీ గొడుగు కూడా లేదు" అంది.

గుమ్మటంలోకి నన్ను ఎక్కించడానికి ఆమె వాడిన మంత్రం ఒక్కటే: "పైన కప్పుందే, కప్పు కిందే చూసేది!" నిజమే, అర్ధగోళంలా గట్టి కప్పు. సరే అనుకుని మెట్లెక్కాను. లోపల ఎర్రదీపం. సూడాన్ ప్రొఫెసరు ఎత్తుగా, నవ్వితే గుమ్మటం మార్మోగేలా ఉన్నాడు. ఆయన ఏదో మీట నొక్కాడు. కప్పు మధ్యలో చీలి, మోటారు ఊఁ అంటూ లేచింది. అచ్చం సైరన్ మొదట్లో లేచే ఊపిరే. నాకు ఏమైందో నాకే తెలీదు. కళ్ళు తెరిచేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను, నెత్తిన విప్పిన గొడుగు.

ప్రొఫెసరు మోటారు ఆపేసి, పాపం మర్యాదగా అడిగాడు, "ఈమె లోపల గొడుగు ఎందుకు వేసుకుంది?"

అందరూ బిక్కచచ్చిపోయారు. అక్క మాత్రం తడుముకోలేదు. "మా దేశంలో శని అంటే చాలా పెద్దాయన సార్. ఆయన ముందుకి మేం గొడుగుతోనే వెళ్తాం. మా మర్యాద" అంది. ఆయన దాన్ని అక్షరాలా నమ్మి, నాకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు! అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

అక్క గొడుగు కిందికి దూరి నా పక్కన చతికిలబడింది. గాజుగుడ్డ కన్ను ఒకటి, మామూలు కన్ను ఒకటి. చెవిలో చెప్పింది: "ఆ రాత్రి నువ్వొక్కదానివే చూశావనుకున్నావా? నేను వరండాలోంచి చూశా. నెల్లాళ్ళు పక్క మీద కూర్చునే నిద్రపోయా. ఎవరితో చెప్పుకోను, మీరందరూ నన్ను చూసే ధైర్యంగా ఉంటిరి." నా భుజం కుదిపి, "పడిందొకటి చూశాం గదే. పడనివి ఎన్నున్నాయో చూసుకోవద్దా? లే" అంది.

నేను ఆమెను అలా ఎప్పుడూ చూళ్ళేదు. లేచాను. నా ఎడమ కంటి పట్టీ ఊడబీకి కుడి కంటికి అతికించి, నా తల పట్టుకుని టెలిస్కోపు దగ్గర ఆనించింది. మొదట ఏమీ లేదు. తరవాత ఉంది!

అబ్బ, ఎలా చెప్పను! నల్లటి నలుపులో చిన్న లేత పసుపు బంతి, దాని చుట్టూ ఉంగరం. బంతికీ ఉంగరానికీ మధ్య సందు కూడా కనపడుతోంది. కదలకుండా, ఎవరి జోలికీ రాకుండా, అలా తేలుతూ ఉంది. "బొమ్మ అతికించారండీ!" అని అరిచాను. ప్రొఫెసరు గుమ్మటం అదిరేలా నవ్వి, అందరూ అదే అంటారన్నాడు. మా గది అమ్మాయి తన వంతు రాగానే చూసి, "అయ్యో, ఇంత ముద్దుగా ఉంటాడా శని!" అని ఏడ్చేసింది. అక్క చూస్తూ ఏం అందో చెప్తే నమ్మరు. "ప్రభువా, ఈ ఉంగరం ఎందుకు తొడిగావో నాకు తెలీదు గానీ, భలే నప్పింది."

నేను మళ్ళీ వరసలో నిలబడ్డాను. మళ్ళీ చూశాను. మళ్ళీ. ఆ తరవాత ప్రొఫెసరు మమ్మల్ని బయట మేడ మీదికి తీసుకెళ్ళి చేత్తో చుక్కల గుంపులు చూపించాడు. నేనూ అందరితో పాటు మొహం పైకెత్తి చూస్తూ, అదేమిటి ఇదేమిటి అని అందరికన్నా ఎక్కువ అడిగాను. నేను ఆకాశం కింద నిలబడ్డానని నాకే తట్టలేదు.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక ఒళ్ళో చెయ్యి పెట్టుకుంటే ఖాళీ. "నా గొడుగు!" అని కేకేశాను. ఖాన్ బ్రేకు వేశాడు. "బాజీ, వాపస్ జాయే క్యా?" వెనక్కి తిప్పనా అని అక్కని అడిగాడు. అందరి చూపూ నా మీదే. అక్క మాత్రం నా వంక చూడకుండా, వేలికంటిన ప్లాస్టరు గోకుతూ కూర్చుంది. ఆ గోకుడు ఎంతసేపు గోకిందో! బస్సు దిగితే హాస్టలు గేటు నుంచి గుమ్మం దాకా దొడ్డి ఉంది. వెనక్కి తిప్పమంటే ఖాన్ తిప్పేస్తాడు.

"నహీ భాయ్. చలో" అన్నాను.

బస్సులో కేరింతలు చూడాలి! చెక్‌పోస్టు దగ్గర అదే పిల్లాడు. ఏం చూశారని ఖాన్‌ని అడిగితే, బస్సంతా ఒక్కసారిగా "జుహల్! జుహల్!" అని అరిచాం. ప్రొఫెసరు నేర్పిన మాట, వాళ్ళ భాషలో శని. వాడు ఈసారి తనంతట తనే మెల్లిగా తల పైకెత్తి చూశాడు.

రెండు రోజులకే నాకు నైట్ డ్యూటీ పడింది. ఖతీఫ్ జాలరి తాత ఒకాయన, తుంటి ఎముక విరిగింది. ట్రాలీ తోసుకుంటూ దొడ్డిలోకి దిగాను. మొదట్లో చూపు చక్రాల మీంచి ఎత్తలేదు, అబద్ధం చెప్పను. వెల్లకిలా పడుకున్న తాతకి ఆకాశం తప్ప ఇంకేం కనపడదు గదా, సగం దూరంలో చెయ్యి పైకెత్తి ఒక చుక్కని చూపించి దాని పేరు చెప్పాడు. పడవ నడిపేవాడికి అవన్నీ ఇంటి మనుషులే. నేను ట్రాలీ ఆపి, పైకి చూశాను. ఆయన ఇంకోటి చూపించాడు. అదీ చూశాను. అప్పుడు ప్రసవాల వార్డు వరండాలోంచి కంటికి గాజుగుడ్డతో ఒక ఆకారం వంగి, ఆసుపత్రి లేచేలా అరిచింది:

"ఓసేయ్! ముందా ముసలాయన్ని ఎక్స్‌రేకి తీసకపో! చుక్కలు యాడికీ పారిపోవే!"

అంటే నేను డ్యూటీ ఎక్కినప్పటి నుంచి అక్కడే కాపలా కాస్తోందన్నమాట. నెలాఖరుకి మేట్రన్ నా పేరు నైట్ డ్యూటీ పట్టికలో రాసి, పైకెత్తిన నా మొహం వంక చూసి, నడిచేటప్పుడు ముందు కూడా చూడమంది.

ఆ తరవాత ఎన్ని గురువారాలు వెళ్ళామో! మేం గుమ్మటం మెట్లెక్కగానే ప్రొఫెసరు నా గొడుగు తెచ్చి మర్యాదగా చేతికివ్వబోయేవాడు. "ఇప్పుడు శనిగారితో బాగా చనువొచ్చింది సార్, అక్కర్లేదు" అని అక్క చెప్పేది. ఆయన దాన్ని మళ్ళీ తలుపు పక్కన మేకుకి తగిలించేవాడు. తెల్లారి డ్యూటీ అప్పగించేటప్పుడు అక్క ఇచ్చే రిపోర్టు వినాలి. "ఆరో మంచం, జ్వరం తగ్గింది. తొమ్మిదో మంచం, పిల్లోడు పాలు తాగతన్నాడు. గురుడు, పక్కన నలుగురు చందమామ పిల్లలు, పోయినసారి కుడివైపున్నోడు నిన్న ఎడమకొచ్చాడు, అందరూ క్షేమం." కొన్నేళ్ళకి పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు హాస్టల్లో ప్రతి తలుపూ బాది అందర్నీ మేడెక్కించింది. ఆరోజు కొత్తగా వచ్చిన పిల్లల కళ్ళకి గాజుగుడ్డలు అతికించింది నేను.

ఆమె ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయే ముందు ఆఖరిసారి వెళ్ళినప్పుడు ప్రొఫెసరు ఆమెకు న్యూస్‌పేపర్లో చుట్టిన పొడుగాటి పొట్లం ఒకటి ఇచ్చాడు. "ఏంటక్కా అది?" అంటే "ఖర్జూరాలే" అంది. అంత పొడుగు ఖర్జూరాలు ఎక్కడ కాస్తాయో అడుగుదామనుకునేలోపే, "అటు చూడవే, అటు చూడు" అని నా మొహం పైకి తిప్పింది.

పోయినేడు వానాకాలంలో ఆమె పోయింది. ఆమె మేనకోడలు ఫోన్ చేస్తే దొరికిన బస్సెక్కి వెళ్ళాను. తీసుకెళ్ళే వేళకి సన్నగా వాన మొదలైంది. గొడుగుల కోసం వెతుకుతూ ఆ అమ్మాయి అక్క గది తలుపు వెనక్కి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మేకుకి ఒక నల్ల గొడుగు వేలాడుతోంది. అంచున ఎర్రదారం. వెలిసిపోయింది గానీ నా పేరు చదువుకోగలిగాను.

"అది మాత్రం ఎవ్వర్నీ ముట్టుకోనిచ్చేది కాదండీ మా అత్త" అంది ఆ అమ్మాయి. "ఎంత వానొచ్చినా సరే, తడవండి గానీ అది ముట్టుకోవద్దనేది. ఎవరిదత్తా అంటే, 'మా పిల్లది. దాని చేతికిస్తే మళ్ళీ యాడ నెత్తిన వేసుకుంటదో అని దాచిపెట్టా' అనేది."

నా మొహం చూసి ఆ అమ్మాయి గాభరాపడి గొడుగు తీసి, "ఇవాళ్టికి వేసుకోండి, తడిసిపోతారు" అని విప్పబోయింది.

"వద్దమ్మా, తిడుతుంది" అన్నాను.

ముడిచిన గొడుగు చంకలో పెట్టుకుని, మొహం పైకెత్తి, సమాధుల దాకా తడుస్తూనే నడిచాను.